ఉత్త గిన్నె తిరిగి ఇవ్వకూడదు

చెల్లెమ్మా, నీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. చదివి పక్కన పెట్టలేక తెల్లవారగానే రాయడానికి కూర్చున్నాను. వయసులో నాకంటే చిన్నదానివి కనుక నువ్వు అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు.

మిగతావారికి కూడా తెలియాలి కనుక నువ్వు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. చండూరు దగ్గర చేనేత ఇంట పుట్టావు. ఏడు నెలల కిందట అమ్మ పోయింది. వచ్చినవారందరూ "బంగారం లాంటి భర్త ఉన్నాడు, ఇద్దరు పిల్లలున్నారు, దేవుడు ఇచ్చినదానికి సంతోషించు" అంటున్నారు. ఆ మాట వినగానే నీకు కోపం వస్తోంది. కోపం వచ్చినందుకు మళ్ళీ నీ మీద నీకే అసహ్యం వేస్తోంది. దేవుడి దగ్గర దీపం పెట్టి ఏడు నెలలైంది. బతుకమ్మ దగ్గర పడుతోంది. తొమ్మిదేళ్ళ కూతురు "ఈసారి పేరుస్తామా అమ్మా" అని అడిగితే జవాబు చెప్పలేకపోయావు. నవ్వు వస్తే అమ్మకు ద్రోహం చేసినట్టుంది అన్నావు. చివర "నేను కృతఘ్నురాలినా అక్కా?" అని అడిగావు.

కావు. ఈ ఒక్క మాట ముందు మనసులో పెట్టుకుని, మిగతాది తీరిగ్గా చదువు.

నేను 32 ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. సగం కాలం పాలమూరులో, సగం కాలం నల్గొండలో. మనిషి పోయిన మంచం పక్కన నిలబడి ఇంటివారిని పట్టుకున్న రోజులు ఎన్నో ఉన్నాయి. ఆరేళ్ళ కిందట నా భర్త పోయారు. వార్డులో నేర్చుకున్నది ఆ రోజుతో సగానికి సగం మార్చుకోవలసి వచ్చింది. రెండూ కలిపి నీకు చెబుతున్నాను.

మొదట నీ కోపం సంగతి. పాలమూరులో ఉండగా ఒక తల్లిని చూశాను. కరువు ఏడాది పుణెకు పనికి వెళ్ళి తిరిగి వచ్చిన కుటుంబం. ముగ్గురు పిల్లల్లో నడిమివాడు జ్వరంతో పోయాడు. పక్క మంచం దగ్గరి పెద్దావిడ మంచి మనసుతోనే "ఇంకా ఇద్దరున్నారు కదమ్మా, వాళ్ళను చూసుకుని గుండె దిటవు చేసుకో" అంది. ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "ఇద్దరున్నారని నాకూ తెలుసమ్మా. మూడో కంచం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు."

గాలివానకు సగం చేను పడిపోతే మిగిలిన సగమైనా కోసుకొమ్మని రైతుకు చెబుతాం. పంటకు ఆ లెక్క సరిపోతుంది, మనుషులకు సరిపోదు. అమ్మ పోయినదానికి సరిసాటిగా నీ భర్తను, పిల్లలను తక్కెడలో పెట్టి చూపిస్తే అమ్మనూ తక్కువ చేసినట్టే, వాళ్ళనూ తక్కువ చేసినట్టే. నీ కోపం ఆ తూకం మీద. నీ భర్త మీదా పిల్లల మీదా కాదు. ఈ తేడా తెలిస్తే సగం బరువు దిగుతుంది. అలా అన్నవారి మీద కూడా పగ పెట్టుకోకు. చావు ఇంటికి వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం చాలా కష్టమైన పని. అది చేతకాక నోటికి వచ్చిన మాట అనేస్తారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అలాగే అన్నాను, ఆ ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

కృతజ్ఞత అనే మాటను ఒకసారి విడదీసి చూడు. కృతం అంటే చేసినది, జ్ఞత అంటే తెలిసి ఉండటం. ఎవరు నీకు ఏమి చేశారో తెలిసి ఉండటమే కృతజ్ఞత. సంతోషంగా ఉండాలని ఆ మాటలో ఎక్కడా లేదు. ఏడుస్తూ కూడా తెలిసి ఉండవచ్చు. మన ఇళ్ళలో ధన్యవాదాలు అనే మాట వాడతామా? సభలో మైకు ముందు వాడతాం. ఇంట్లో అయితే "నీ కడుపు చల్లగా ఉండ" అంటాం, "నీ మేలు మరువను" అంటాం, "నీ రుణం ఎట్లా తీర్చుకోను" అంటాం. ఎవరైనా పోతే "రుణం తీరిపోయింది" అంటారు. ఆ ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోను. పోయినవారి వైపు తీరిందేమో కానీ, మన వైపు లెక్క అలాగే తెరిచి ఉంటుంది. ఆ లెక్క నాకు ఎలా అర్థమైందో చెబుతాను.

నా భర్త ఆర్టీసీలో డ్రైవరు. నల్గొండ నుంచి దేవరకొండ దారిలో మొదటి బస్సు చాలా ఏళ్ళు ఆయనదే. ఆయన పోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మన దగ్గర చావు ఇంటికి అన్నం బయటి నుంచి వస్తుంది కదా. చుట్టాలు, ఇరుగుపొరుగు తెచ్చి పెట్టారు. ఎవరు తెచ్చారో, ఏమి తిన్నామో నాకు ఏమీ తెలియదు. దినాలన్నీ అయిపోయి, అందరూ వెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళి చూస్తే గట్టు మీద 17 గిన్నెలు, డబ్బాలు వరుసగా బోర్లించి ఉన్నాయి. మావి కావు. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క పేరు చెక్కి ఉంది. పెళ్ళికి పెట్టిన గిన్నెల మీద పేరు, తేదీ కొట్టిస్తారు చూడు, అలాంటివి.

రెండు నెలలు వాటిని ముట్టలేదు. తిరిగి ఇవ్వాలంటే ఇంటింటికీ వెళ్ళాలి, మాట్లాడాలి, పలకరింపులు వినాలి. ఆ ఓపిక లేదు. ఒకరోజు మా అత్తమ్మ అంది: "ఎవరి గిన్నెలు వారికి ఇచ్చి రా బిడ్డా. పాపం, వాళ్ళకూ పని పడుతుంది. ఉత్త గిన్నె మాత్రం ఇవ్వకు." నాగర్‌కర్నూలు నుంచి మా తమ్ముడు పంపిన పల్లీలు గోనెలో ఉన్నాయి. ఒక్కో గిన్నెలో దోసెడు పల్లీలు పోసుకుని బయలుదేరాను.

పక్క ఇంటితో మొదలుపెట్టాను. ఆ ఇంటివారు ముస్లింలు. ఆమె మాకు రోజూ జొన్న రొట్టెలు గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచి వెళ్ళేదట. డబ్బా చేతికి ఇచ్చాను. ఆమె మూత తీసి పల్లీలు చూసి ఏడ్చింది. తర్వాత ఒక మాట చెప్పింది. రంజాన్ నెలలో మా ఆయన మొదటి బస్సు డ్యూటీకి వెళ్తూ, చీకట్లో వాళ్ళ కిటికీ మీద రెండుసార్లు తట్టేవారట, ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సహర్ వేళకు లేవడానికి. పదకొండు ఏళ్ళు తట్టారు. "ఈసారి అలారం పెట్టుకున్నాం అక్కా, కానీ ఆ చప్పుడు కోసమే మెలకువ వచ్చింది" అంది. ఆయన పక్కన 29 ఏళ్ళు కాపురం చేశాను. ఈ సంగతి నాకు తెలియదు.

చాలా ఇళ్ళలో ఇలాంటిదే ఏదో ఒకటి. వీధి చివరి ఇంటి అమ్మాయి కాలేజీకి పరిగెత్తుకుంటూ వస్తుంటే బస్సు ఒక నిమిషం ఆపేవారట. ఒక పెద్దాయనకు నల్గొండ నుంచి కంటి మందు తెచ్చి, చిల్లర లేదంటే రేపు ఇవ్వమనేవారట. కొన్ని ఇళ్ళలో ఏమీ చెప్పలేదు, మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టారు. అంతే. ఆ గిన్నెలు ఇచ్చి రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. కృతజ్ఞత చెప్పడానికి వెళ్ళి, పోయిన మనిషిని ఇంకొంచెం ఎక్కువ తెలుసుకుని వచ్చాను. దుఃఖం తగ్గిందా అంటే తగ్గలేదు. ఇల్లు మాత్రం అంత ఖాళీగా అనిపించలేదు.

నీ ఇంట్లో కూడా ఇవ్వవలసిన గిన్నెలు ఉండే ఉంటాయి. గిన్నెలే కానక్కరలేదు. నీ ఉత్తరంలో ఒక వాక్యం రాసి దాటేశావు: ఏడు నెలలుగా పొద్దున పాప జడలు నీ భర్తే వేస్తున్నాడని. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. మగ్గం మీద పోగు అతికే చేతులకైనా జడ అంత సులువుగా రాదు. మొదట్లో వంకరగా వచ్చి ఉంటుంది, పాప బడిలో ఎవరో నవ్వి ఉంటారు, ఆయన మళ్ళీ విప్పి అల్లి ఉంటారు. ఇది ఆయన నీకు పెట్టిన గిన్నె. నువ్వు ఆయనతో పెద్ద మాటలు చెప్పనక్కరలేదు. "మీరు పాప జడ వేయడం నేను రోజూ చూస్తున్నాను" అని ఒక్క మాట అను. నీకు తెలిసిందని ఆయనకు తెలియాలి.

చిన్న చిన్న మేళ్ళు కనిపించడం లేదని రాశావు. మనం ఉన్న చోట ఒకటి రోజూ నల్లాలోంచే వస్తుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఊళ్ళలో ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవారిని, కీళ్ళు బిగుసుకుపోయి నడుము వంగినవారిని నేను ఉద్యోగంలో ఎంతమందిని చూశానో లెక్క లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు మన బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి నీటిని శుభ్రం చేసే విధానానికి ప్రపంచమంతా నల్గొండ పద్ధతి అనే పేరు నిలిచిందంటే మన కష్టం ఎంతటిదో ఆలోచించు. తర్వాత కృష్ణా నీళ్ళు గొట్టాల్లో ఇంటికి వచ్చాయి. నీ కూతురు నవ్వినప్పుడు పళ్ళు చూడు. మీ అమ్మ తరానికి ఆ పళ్ళు లేవు. మంచినీళ్ళు అనే మాటకు మన జిల్లాలో ఉన్నంత అర్థం ఇంకెక్కడా లేదేమో అనిపిస్తుంది నాకు. ఇది అమ్మకు బదులు కాదు, తూకం వేయకు. గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు ఒకసారి చూడు, చాలు.

ఇక అమ్మకు చెప్పవలసింది. అమ్మ ఆసు పోసేదని, చివరి దాకా కుడి భుజం నొప్పి అంటూనే ఉండేదని రాశావు. ఆసు అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతున్నాను. చిటికీ చీర, అంటే ఇక్కత్ చీర నేయాలంటే ముందు పట్టు పోగును వరుస మేకుల చుట్టూ ఒక్కొక్కటిగా చేత్తో పోయాలి. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. చింతకింది మల్లేశం ఆలేరు దగ్గర శారాజీపేటలో తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తల్లికి ధన్యవాదాలు చెప్పారో లేదో నాకు అక్కరలేదు. ఆమె చేయి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టారు. అదీ తెలిసి ఉండటమంటే.

నువ్వూ లెక్కపెట్టు. ఒక నోటు పుస్తకం తీసుకో. "అమ్మ చాలా మంచిది, త్యాగమూర్తి" అని రాయకు. అలాంటి మాటలు ఎవరి అమ్మకైనా సరిపోతాయి, అందుకే ఎవరికీ అతకవు. కంటితో చూసినది రాయి. నేను నా భర్త గురించి రాసిన మొదటి వాక్యం ఇది: "బస్సు దిగి ఇంటికి రాగానే చెప్పులు విడిచి, నా దగ్గరికి కాక ముందు అత్తమ్మ గదిలోకి తొంగి చూసేవారు." అది రాసిన రోజు బాగా ఏడ్చాను, ఆ రాత్రి నిద్ర మాత్ర లేకుండా నిద్రపోయాను. వారానికి రెండు మూడు రాస్తే చాలు. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లా అనే శాస్త్రవేత్తలు, తమకు జరిగిన మేళ్ళను వారం వారం రాసుకున్నవారు చిరాకులను రాసుకున్నవారికంటే తమ జీవితం పట్ల తృప్తిగా ఉన్నారని ప్రచురించారు. అయితే ఆ పరిశోధన కొత్తగా అమ్మను పోగొట్టుకున్నవారి మీద చేసింది కాదు. కాబట్టి దాన్ని మందు చీటీలాగా నీ చేతిలో పెట్టను. రాయాలనిపించని రోజు పుస్తకం మూసే ఉంచు.

ఇక్కడ వేరేవారికి ఒక మాట. ఇది చదువుతున్నవారిలో, పోయిన తండ్రి తాగి కొట్టినవాడై ఉండవచ్చు, పోయిన అత్త బతికినంత కాలం ఏడిపించినదై ఉండవచ్చు. చచ్చిపోయారు కనుక మంచే తలుచుకోవాలని మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేస్తే వినకండి. లేని మేలును ఉన్నట్టు రాయడం కృతజ్ఞత కాదు. ఆ కాలంలో మీ పక్కన నిలబడినవారు ఎవరో ఒకరు ఉంటారు. మీ పుస్తకం వారితో మొదలుపెట్టండి.

దీపం సంగతికి వస్తాను. అన్నింటికంటే ఎక్కువ నిన్ను తినేస్తున్నది అదే అనిపించింది. నా భర్త పోయాక నేను పద్నాలుగు నెలలు దీపం పెట్టలేదు. ఒక్కగానొక్క కొడుకు పోయిన మా అత్తమ్మ మాత్రం మైల తీరిన రోజు సాయంత్రం నుంచే పెట్టింది. నాకు ఎంత కోపం వచ్చిందో. ఏ దేవుడికి పెడుతుంది ఈమె అనుకున్నాను. ఆమె ఒక్కనాడు నన్ను పెట్టమని అనలేదు. ఒకరోజు పత్తి తెచ్చి నా ఒడిలో పెట్టి, "నువ్వు వెలిగించకు. వత్తులు చేసి పెట్టు, నా కళ్ళకు ఆనడం లేదు" అంది. సరేనని రోజూ వత్తులు చేశాను. అదే కళ్ళతో ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోందని నాకు చాలా రోజుల తర్వాత తట్టింది.

నీ ఇంట్లో దీపం పెట్టేవారు వేరే ఉంటే, నువ్వు వత్తి చెయ్యి. ఎవరూ లేకపోతే అలాగే ఉండనివ్వు. నమ్మకం అంటే ఎప్పుడూ దేవుడితో మంచిగా ఉండటమే అనుకుంటాం. మన బతుకమ్మను చూడు. తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. అమ్మవారికే అలగడానికి ఒక రోజు విడిచిపెట్టారు మన పెద్దవాళ్ళు. ఆ అలకను తుడిచేయాలని చూడలేదు, పండుగలోంచి తీసేయలేదు, వరుసలో దాని చోట దాన్ని ఉంచారు. మరుసటి రోజు వేపకాయల బతుకమ్మ, చేదు కాయ పేరుతోనే మళ్ళీ మొదలు. నువ్వు అలిగావు. నీ ఆరో రోజు కొంచెం పొడవుగా ఉంది.

పద్నాలుగు నెలల తర్వాత నేను ఒకరోజు పానగల్లు వెళ్ళాను. మా ఇంటికి దగ్గరే, ఛాయా సోమేశ్వరాలయం. మొక్కడానికి వెళ్ళలేదు, అత్తమ్మకు తోడుగా వెళ్ళాను. గర్భగుడిలో పగలంతా ఒకే చోట నిలిచి ఉండే ఆ స్తంభం నీడ నువ్వు చూసే ఉంటావు. బయట ఎండ తిరుగుతూనే ఉంది, లోపల నీడ కదలలేదు. దాని ఎదురుగా కూర్చుని అత్తమ్మ కళ్ళు మూసుకుంది, నేను తెరిచే ఉంచాను. వచ్చేటప్పుడు బయట అమ్మే ఆవిడ దగ్గర ఒక ప్రమిద కొన్నాను. ఎందుకు కొన్నావని అత్తమ్మ అడగలేదు.

ఇప్పుడు పాప ప్రశ్న. ఆచారం ముందు చెబుతాను, ఎందుకంటే ఎవరో ఒకరు నిన్ను ఆపుతారు. పెళ్ళయిన ఆడపిల్లకు తల్లిదండ్రులు పోతే మూడు రోజుల మైలే అంటారు పెద్దలు. ఏడాది పండుగలు మానుకోవడం సాధారణంగా కొడుకుల ఇంటి సంగతి. ఊరూరికీ తేడాలుంటాయి, మీ అత్తవారి ఇంట్లో పెద్దవారిని ఒక మాట అడుగు. ఆచారం అడ్డు లేకపోయినా మనసు అడ్డు వస్తుందని తెలుసు. బతుకమ్మ అంటే పుట్టింటికి వెళ్ళే పండుగ. గుమ్మం దగ్గర ఎదురు చూసే అమ్మ లేని పుట్టింటికి మొదటిసారి వెళ్ళడం ఎంత కష్టమో నేను వేరే చెప్పాలా?

కానీ మన పండుగ ఏ రోజు మొదలవుతుందో చూడు. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య. పొద్దున పోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. ఇంట్లో వారికి ఇష్టమైనది వండుతాం. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున కళ్ళు తుడుచుకున్న చేతులతోనే సాయంత్రం తంగేడు, గునుగు పేరుస్తాం. రెండింటికీ మధ్య ఒక్క రోజు ఎడం కూడా పెట్టలేదు. 1999లో నెదర్లాండ్స్ నుంచి మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు, దుఃఖంలో ఉన్న మనిషి పోయినదాని వైపూ, బతకవలసినదాని వైపూ మారి మారి తిరుగుతుంటాడని, అలా తిరగడమే ఆరోగ్యమని వివరించారు. నేను ఉద్యోగ శిక్షణలో ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ పెత్రమాసనాడు పొద్దున ఏడవడం, సాయంత్రం పాట ఎత్తుకోవడం గుర్తుకు వచ్చాయి. నువ్వు మగ్గం ఇంటి ఆడపిల్లవి, అడ్డ పోగును మోసే నాడె అటూ ఇటూ తిరిగితేనే నేత సాగుతుందని నీకు వేరే చెప్పనక్కరలేదు. పాప ఏదో అంటే నవ్వావు, ఆ వెంటనే అమ్మ గుర్తుకు వచ్చింది. నాడె అటు వెళ్ళి ఇటు వచ్చింది, అంతే. అందులో ద్రోహం ఏమీ లేదు.

కాబట్టి పాపకు అవునని చెప్పు. ఈసారి పెద్దది వద్దు, పళ్ళెంలో పట్టేంత చిన్నది చాలు. పొద్దున పెత్రమాసకు అమ్మ పేరు చెప్పేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకో. అమ్మమ్మ ఆసు ఎలా పోసేదో చేత్తో చూపించు. సాయంత్రం పూలు పాప పేర్చనివ్వు, నువ్వు అందించు. పాట గొంతులో ఆగిపోతే ఆగనివ్వు, చుట్టూ ఉన్నవారు అందుకుంటారు. మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఆ వలయంలో ఒకరి గొంతు ఆగితే ఇంకొకరు ఎత్తుకోకుండా ఉండరు. నేను కూడా రెండో ఏడాది వెళ్ళాను. భర్త పోయినదాన్నని పక్కన నిలబడితే మా అత్తమ్మ వచ్చి చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు, అన్నా ఆమె వినేది కాదు.

మీ వదిన గురించి కూడా ఒక మాట. "వదిన రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు" అని రాశావు. అమ్మ లేని ఇంట్లో ఆడబిడ్డను పండుగకు పిలవవలసిన భారం ఇప్పుడు ఆమె మీద పడింది. అమ్మలాగా పిలవలేనని ఆమెకూ తెలుసు. అయినా రెండుసార్లు చేసింది. మూడోసారి నువ్వు చెయ్యి. వెళ్ళలేనని చెప్పడానికైనా చెయ్యి.

నర్సుగా ఒక్క మాట. ఏడు నెలలకు ఏడుపు రావడం జబ్బు కాదు. కానీ ఇంటి పని, పిల్లల పని ఏదీ చేయలేకపోవడం, తిండి నిద్ర పూర్తిగా తప్పిపోవడం, నేనూ పోతే బాగుండును అనే ఆలోచన మళ్ళీ మళ్ళీ రావడం ఉంటే అది వేరు. విడవని తీవ్ర దుఃఖాన్ని వైద్యులు ఇప్పుడు చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 6 నెలలు, అమెరికా మనోవైద్యుల లెక్కలో పెద్దవారికి 12 నెలలు దాటి, రోజువారీ బతుకు ఆగిపోతే దాన్ని అలా పిలుస్తారు. 14416కు ఫోను చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు కట్టనక్కరలేదు, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనే ఆలోచన ఉంటే రేపటి దాకా ఆగకు, ఈ రోజే చెయ్యి, నీ భర్తకు కూడా చెప్పు. నీ ఉత్తరం చదివితే నువ్వు ఆ స్థితిలో ఉన్నావని నాకు అనిపించలేదు. అయినా చెప్పకుండా ఉండలేను.

గిన్నెల సంగతి ఒకటి మిగిలిపోయింది. 17లో 16 ఇచ్చాను. ఒకటి ఎవరిదో తెలియలేదు. చిన్న స్టీలు గిన్నె, ఒక పక్క సొట్ట పడింది. పేరంతా అరిగిపోయి చివరి అక్షరం ఒక్కటే మిగిలింది: "మ్మ". మా వీధిలో ఆ అక్షరంతో ముగిసే పేర్లే సగం. ఇంటింటా అడిగాను, అందరూ మాది కాదనే అన్నారు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలదేమో, వారిలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. ప్రతి ఏటా పెత్రమాసనాడు మా వీధి పిల్లలు గునుగు పూలకు రంగు అద్దడానికి మా ఇంటికే వస్తారు. గులాబీ రంగు కలిపేది అందులోనే. రంగు ఒలికి, చెక్కిన గీతల్లోకి దిగిపోయింది. ఎంత తోమినా పోవడం లేదు. ఇప్పుడు ఆ "మ్మ" ఇదివరకటికంటే బాగా కనిపిస్తుంది.